టెర్మినల్‌లో పీఎస్‌క్యూఎల్‌తో డేటాబేస్ చూడటం, క్వెరీలు రాయడం ఎలా?

"సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లాను, అక్కడ నల్ల స్క్రీన్ తప్ప ఏమీ లేదు, ఇప్పుడు టేబుళ్లు ఎలా చూడాలి?" ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. కొత్తగా సపోర్ట్ ఉద్యోగంలో చేరినవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు, ప్రాజెక్ట్ గడువు నెత్తిమీదికొచ్చిన కాలేజీ పిల్లలు, అందరిదీ ఇదే గొడవ. మౌస్‌తో నొక్కే టూల్స్ మన ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటాయి. కంపెనీ సర్వర్‌లో అవేవీ ఉండవు, పెట్టనివ్వరు కూడా. అక్కడ దొరికేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే పీఎస్‌క్యూఎల్. అది చాలు.

నేను చూసినంతలో ఇందులో ఇరుక్కుపోయేవాళ్లకు కమాండ్లు తెలియక కాదు, ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోట ముందు కనిపించే గుర్తులు) చదవక ఇబ్బంది. టూల్ మీకు ఏం జరుగుతోందో ప్రతి లైన్‌లోనూ చెబుతూనే ఉంటుంది, మనం దాన్ని అలంకారం అనుకుని దాటేస్తాం. అందుకే కింద ప్రాంప్ట్ గురించి కాస్త ఎక్కువే రాశాను, ఓపిగ్గా చదవండి.

ఇంకో సంగతి. కమాండ్లన్నీ ఫోన్లో ఎవరికైనా చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే రాశాను, మీరు మాత్రం కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలి. \డీటీ అని ఉంటే బ్యాక్‌స్లాష్, దాన్ని ఆనుకుని చిన్న డీ, చిన్న టీ. సెలెక్ట్, ఫ్రమ్, వేర్ లాంటివి మీకు తెలిసిన ఎస్‌క్యూఎల్ మాటలే. చుక్కలు, కొటేషన్లు, అండర్‌స్కోర్లు, సెమికోలన్లు ఎలా కనిపిస్తే అలాగే కొట్టండి. ఉదాహరణకు చేనేత చీరలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ షాపు డేటాబేస్ అనుకుందాం: డేటాబేస్ పేరు షాప్, అందులో కస్టమర్స్, ఆర్డర్స్ అని రెండు టేబుళ్లు.

ముందుగా కావాల్సినవి

పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రాం. ఉబుంటు, డెబియన్ అయితే ఏపీటీతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే సరిపోతుంది, మొత్తం సర్వర్ అక్కర్లేదు. మ్యాక్‌లో హోమ్‌బ్రూతో లిబ్‌పీక్యూ పెట్టుకోండి, కానీ హోమ్‌బ్రూ దాన్ని పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చదు, ఇన్‌స్టాల్ అయ్యాక చివర్లో పాత్ గురించి చెప్పే లైన్లుంటాయి, అవి కాపీ చేసి నడిపితేనే కమాండ్ దొరుకుతుంది. విండోస్‌లో ఇన్‌స్టాలర్ నాలుగు భాగాలు చూపిస్తుంది, కమాండ్ లైన్ టూల్స్ ఒక్కదానికే టిక్ పెట్టినా చాలు.

కనెక్షన్ వివరాలు ఐదు: హోస్ట్, పోర్ట్, యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ పేరు. పోర్ట్ ఎవరూ చెప్పకపోతే 5432 అనుకోండి.

చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్. ఇది మీ డీబీఏని (డేటాబేస్ చూసుకునే అడ్మిన్‌ని) అడిగి తీసుకోండి, మొహమాటపడొద్దు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పీజీ_రీడ్_ఆల్_డేటా అని రెడీమేడ్ రోల్ (అనుమతుల కట్ట) ఉంది, వాళ్లు ఒక్క లైన్‌లో ఇచ్చేయొచ్చు. ఇవ్వకపోతే కింద మూడో మెట్టులో చెప్పింది తప్పనిసరిగా చేయండి.

ఒకసారి పీఎస్‌క్యూఎల్ --వెర్షన్ కొట్టి వెర్షన్ కూడా చూసుకోండి. మీ టూల్ 11 లేదా అంతకన్నా పాతదై, సర్వర్ 12 లేదా ఆ పైదైతే, టేబుల్ వివరాలు అడగగానే రెల్‌హాస్‌ఓఐడీఎస్ అనే కాలమ్ లేదని వింత ఎర్రర్ వస్తుంది. మీ టేబుల్‌కి ఏమీ కాలేదు, టూల్ పాతది, అప్‌డేట్ చేయండి.

1. కనెక్ట్ అవ్వడం

పీఎస్‌క్యూఎల్ -హెచ్ లోకల్‌హోస్ట్ -పీ 5432 -యూ రీడర్ -డీ షాప్

ఇందులో యూ ఒక్కటే క్యాపిటల్, మిగతావన్నీ చిన్నవి. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా కనబడవు, కీబోర్డు పనిచేయట్లేదని కంగారు పడకండి, కొట్టి ఎంటర్ నొక్కండి.

పాస్‌వర్డ్‌ని కమాండ్‌లోనే కలిపి రాసే పద్ధతి ఒకటుంది, అది వద్దు. షెల్ హిస్టరీలో ఉండిపోతుంది, అదే సర్వర్‌లో ఉన్న వేరేవాళ్లకు ప్రాసెస్ లిస్టులో కనబడే అవకాశమూ ఉంది. రోజూ కొట్టడం విసుగైతే హోమ్ ఫోల్డర్‌లో .పీజీపాస్ అనే ఫైల్ పెట్టి, అందులో హోస్ట్:పోర్ట్:డేటాబేస్:యూజర్:పాస్‌వర్డ్ అని ఒకే లైన్ రాయండి. ఆ ఫైల్‌కి సీహెచ్‌మాడ్ 600 ఇవ్వాలి, అంటే మీరు తప్ప ఇంకెవరూ తెరవలేకుండా చేయాలి. ఇవ్వకపోతే చిన్న హెచ్చరిక ఇచ్చి ఫైల్‌ని పట్టించుకోదు, మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది.

ఇక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఎర్రర్‌ని బట్టి చూద్దాం.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే ఆ మెషిన్ దాకా వెళ్లారు, కానీ ఆ పోర్ట్ మీద వినేవాళ్లు లేరు. సర్వర్ ఆగిపోయి ఉండాలి, లేదా పోర్ట్ నంబర్ తప్పు. అసలేమీ రాకుండా చాలాసేపు అలాగే నిలబడిపోతే అది ఫైర్‌వాల్, లేదా క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూప్. ఈ రెండిటికీ తేడా తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుంది, అనవసరంగా డీబీఏ చుట్టూ తిరగరు.

"పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అంటే మీరు -హెచ్ ఇవ్వలేదు. అప్పుడు అది లోపలి సాకెట్ ద్వారా వెళ్లి, మీ లైనక్స్ యూజర్ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటేనా అని చూస్తుంది. -హెచ్ లోకల్‌హోస్ట్ కలపండి, సాధారణంగా పాస్‌వర్డ్ అడుగుతుంది.

మీ పేరుతో డేటాబేస్ లేదని వస్తే -డీ మర్చిపోయారు. ఏమీ చెప్పకపోతే యూజర్ పేరునే డేటాబేస్ పేరుగా తీసుకుంటుంది.

డేటాబేస్‌ని బయటికి తెరవలేదు, సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం ఉంది అంటారా? టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ లోపలి నుంచి డేటాబేస్‌కి దారి) వేయండి: ఎస్‌ఎస్‌హెచ్ -ఎల్ 5433:లోకల్‌హోస్ట్:5432 అని, ఆ తర్వాత మీ సర్వర్ చిరునామా. ఇక్కడ ఎల్ క్యాపిటల్. అది తెరిచి ఉంచి, ఇంకో టెర్మినల్‌లో -హెచ్ లోకల్‌హోస్ట్ -పీ 5433 తో కనెక్ట్ అవ్వండి.

2. ప్రాంప్ట్ చదవడం

కనెక్ట్ అయ్యాక ఇలా కనిపిస్తుంది:

షాప్=>

ముందున్నది డేటాబేస్ పేరు. చివర > ఉంటే మీరు మామూలు యూజర్. దాని బదులు # కనిపిస్తే మీరు సూపర్‌యూజర్, అంటే ఏం చేసినా ఆపేవాళ్లు లేరు. ఊరికే చూడటానికి వచ్చినవాళ్లకు ఆ గుర్తు కనిపిస్తే బయటికొచ్చి వేరే యూజర్‌తో రావడం మంచిది.

మధ్యలో ఉన్న = గుర్తే అసలు కబురు. అది ఉంటే కొత్త కమాండ్‌కి సిద్ధం అని అర్థం.

షాప్-> అని మారితే మీ క్వెరీ ఇంకా పూర్తి కాలేదని అనుకుంటోంది, అంటే సెమికోలన్ మర్చిపోయారు. "క్వెరీ కొట్టాను, ఎంటర్ నొక్కాను, ఏమీ రావట్లేదు, హ్యాంగ్ అయింది" అనేవాళ్లలో నూటికి తొంభైమంది కథ ఇదే. ఒక్క ; కొట్టి ఎంటర్ నొక్కండి.

షాప్'> అంటే సింగిల్ కొటేషన్ తెరిచారు, మూయలేదు. షాప్"> అంటే డబుల్ కొటేషన్. షాప్(> అంటే బ్రాకెట్. కొటేషన్ తెరిచి ఉన్నప్పుడు సెమికోలన్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు, అది కూడా కొటేషన్‌లో భాగమే అనుకుంటుంది. కంట్రోల్+సీ కొడితే రాసిందంతా వదిలేసి మామూలు ప్రాంప్ట్‌కి వస్తుంది.

షాప్=*> లో ఆ నక్షత్రం ఉంటే మీరు ట్రాన్సాక్షన్ (కమిట్ కొట్టేదాకా ఖాయం కాని మార్పుల వరస) మధ్యలో ఉన్నారు. నక్షత్రం బదులు ఆశ్చర్యార్థకం, అంటే షాప్=!> కనిపిస్తే ట్రాన్సాక్షన్‌లో ఏదో ఎర్రర్ వచ్చింది, ఇక ఏం కొట్టినా "కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్" అనే సమాధానమే వస్తుంది. రోల్‌బ్యాక్; కొడితే తీరిపోతుంది.

ఏ సర్వర్‌లో ఉన్నానా అని అనుమానం వస్తే \కన్‌ఇన్ఫో కొట్టండి, హోస్ట్, పోర్ట్, యూజర్ అన్నీ చెబుతుంది. టెస్ట్ సర్వర్ ఒక విండోలో, ప్రొడక్షన్ ఇంకో విండోలో తెరిచి పెట్టుకునే అలవాటున్నవాళ్లు ఇది ఊతపదంలా వాడాలి, ఎందుకంటే రెండుచోట్లా డేటాబేస్ పేరు షాప్ అనే ఉంటుంది, ప్రాంప్ట్ చూసి తేడా తెలియదు.

3. చెయ్యి జారకుండా కట్టుదిట్టం

సెట్ డిఫాల్ట్_ట్రాన్సాక్షన్_రీడ్_ఓన్లీ = ఆన్;
సెట్ స్టేట్‌మెంట్_టైమౌట్ = '30ఎస్';

మొదటిది మీ సెషన్‌ని చదవడానికే పరిమితం చేస్తుంది. రెండోది ముప్పై సెకన్లు దాటిన క్వెరీని తనే ఆపేస్తుంది. పనిచేస్తోందో లేదో చూడాలంటే అప్‌డేట్ ఆర్డర్స్ సెట్ అమౌంట్ = అమౌంట్ వేర్ 1 = 0; కొట్టండి, ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు కాబట్టి ఒక్క రో కూడా మారదు. రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో అప్‌డేట్ కుదరదని ఎర్రర్ రావాలి. అప్‌డేట్ 0 అని వస్తే సెట్టింగ్ అంటుకోలేదు.

ఇది తాళం కాదు, గడియ మాత్రమే, మీరే మళ్లీ తీసేయగలరు. అలవాటున మీద పడిపోయే పొరపాట్లకు మాత్రం చాలా బాగా అడ్డుపడుతుంది.

ప్రతిసారీ కొట్టకుండా హోమ్ ఫోల్డర్‌లో .పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ అనే ఫైల్‌లో ఈ రెండు లైన్లూ, వాటితోపాటు ఇవీ పెట్టుకోండి:

\ఎక్స్ ఆటో
\టైమింగ్ ఆన్
\పీసెట్ నల్ '(ఖాళీ)'

మొదటిది రో స్క్రీన్‌లో పట్టనప్పుడు నిలువుగా చూపిస్తుంది. రెండోది ప్రతి క్వెరీకి ఎంత టైం పట్టిందో మిల్లీసెకన్లలో చెబుతుంది. మూడోది నల్ (అసలు విలువే లేకపోవడం) ఉన్నచోట "(ఖాళీ)" అని రాస్తుంది. ఇది పెట్టకపోతే నల్‌కీ ఖాళీ స్ట్రింగ్‌కీ తేడా కంటికి తెలియదు, రెండూ బోసిగానే కనిపిస్తాయి. అదే మాట తెలుగులో రాసినా పనిచేస్తుంది, నేను అలాగే పెట్టుకున్నాను.

జాగ్రత్త: ఈ ఫైల్ ప్రతి కనెక్షన్‌కీ వర్తిస్తుంది. తర్వాతెప్పుడో బ్యాకప్ ఫైల్ లోడ్ చేస్తుంటే రీడ్ ఓన్లీ అని మొరాయిస్తుంది. అలాంటప్పుడు పీఎస్‌క్యూఎల్ తర్వాత క్యాపిటల్ -ఎక్స్ ఇవ్వండి, ఈ ఫైల్‌ని చదవకుండా తెరుచుకుంటుంది.

4. ఏమేం ఉన్నాయో చుట్టూ చూడటం

\ఎల్ కొడితే డేటాబేస్‌ల జాబితా. \సీ షాప్ అంటే ఆ డేటాబేస్‌లోకి మారడం. \డీఎన్ స్కీమాలు (టేబుళ్లను విడదీసి పెట్టే అరలు), \డీటీ టేబుళ్లు, \డీవీ వ్యూలు. \డీటీ+ అయితే ఒక్కో టేబుల్ ఎంత చోటు తీసుకుందో కూడా వస్తుంది. వీటికి సెమికోలన్ అక్కర్లేదు.

బాగా పనికొచ్చేది మాత్రం ఇది:

\డీ ఆర్డర్స్

కాలమ్‌లు, వాటి రకాలు, ఇండెక్స్‌లు వస్తాయి. చాలామంది పైభాగం చూసి ఆగిపోతారు, కిందికి వెళ్లండి. ఫారిన్ కీ వివరాల్లో కస్టమర్_ఐడీ ఏ టేబుల్‌లోని ఏ కాలమ్‌ని చూస్తోందో ఉంటుంది, "రిఫరెన్స్‌డ్ బై" అనే చోట ఈ టేబుల్ మీద ఆధారపడ్డ ఇతర టేబుళ్లు ఉంటాయి. డాక్యుమెంటేషన్ లేని డేటాబేస్‌లో దారి వెతుక్కోవడానికి ఇంతకన్నా మంచి పటం దొరకదు.

\డీటీ కొడితే "డిడ్ నాట్ ఫైండ్ ఎనీ రిలేషన్స్" అని వచ్చిందా? టేబుళ్లు ఎవరో డిలీట్ చేశారని ఫోన్ చేయకండి. ముందు \కన్‌ఇన్ఫోతో డేటాబేస్ సరైనదేనా చూడండి. సరైనదే అయితే టేబుళ్లు పబ్లిక్ కాకుండా వేరే స్కీమాలో ఉండి ఉంటాయి. \డీటీ *.* కొడితే అన్ని స్కీమాలవీ వస్తాయి, సిస్టమ్ టేబుళ్లు కూడా కలిసి చాంతాడంత జాబితా అవుతుంది. \డీఎన్‌లో స్కీమా పేరు పట్టుకుని \డీటీ సేల్స్.* అని అడగటం మేలు.

టేబుల్ జాబితాలో కనిపిస్తోంది, సెలెక్ట్ చేస్తే లేదంటోంది, ఇది ఇంకో తరచు ప్రశ్న. పేరులో పెద్దక్షరం ఉందేమో చూడండి. కొటేషన్ లేకుండా మీరు రాసే పేర్లన్నిటినీ పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకి మార్చేసుకుంటుంది, కాబట్టి పెద్ద ఓతో మొదలయ్యే ఆర్డర్స్ కావాలంటే డబుల్ కొటేషన్లలో రాయాలి. ప్రిస్మా లాంటి లైబ్రరీలు తయారుచేసిన టేబుళ్లలో ఇది మామూలే.

అదే కోవలో ఇంకో తమాషా: టేబుల్ పేరు యూజర్ అయితే సెలెక్ట్ * ఫ్రమ్ యూజర్; అని కొడితే ఎర్రర్ రాదు. ఒకే ఒక రో వస్తుంది, అందులో మీ లాగిన్ పేరు ఉంటుంది. టేబుల్‌లో ఒక్కరే ఉన్నారనుకుని రిపోర్ట్ ఇచ్చేస్తారు. యూజర్ అనేది పోస్ట్‌గ్రెస్ సొంత మాట, మీ టేబుల్ కావాలంటే "యూజర్" అని డబుల్ కొటేషన్ తప్పదు.

5. మొదటి క్వెరీ

సెలెక్ట్ * ఫ్రమ్ ఆర్డర్స్ లిమిట్ 10;

తెలియని టేబుల్ మీద లిమిట్ లేకుండా ఎప్పుడూ కొట్టకండి. కోటి రోలున్న టేబుల్ అయితే పీఎస్‌క్యూఎల్ మొత్తం ఫలితాన్ని మెమరీలోకి తెచ్చుకుని గానీ చూపించదు, మీ మెషిన్ నీరసపడిపోతుంది. కొట్టేశారా, కంట్రోల్+సీ నొక్కండి, క్వెరీ ఆగిపోతుంది.

ఫలితం పెద్దదైతే కింద రెండు చుక్కలు కనిపించి స్క్రీన్ ఆగుతుంది. అది పేజర్. స్పేస్ కొడితే ముందుకు, క్యూ కొడితే బయటికి. లైన్లు మడతపడి గజిబిజిగా ఉంటే అక్కడే -ఎస్ అని, క్యాపిటల్ ఎస్‌తో కొట్టి ఎంటర్ నొక్కండి, లైన్లు తిన్నగా అయిపోతాయి, బాణం కీలతో పక్కకు జరగొచ్చు.

ఇక కొటేషన్ల సంగతి. విలువలకు సింగిల్, పేర్లకు డబుల్.

సెలెక్ట్ నేమ్ ఫ్రమ్ కస్టమర్స్ వేర్ సిటీ = 'చీరాల';

ఇక్కడ డబుల్ కొటేషన్ పెడితే చీరాల అనే కాలమ్ లేదని ఎర్రర్ వస్తుంది. కొటేషన్లు సరిగానే ఉన్నా అదే ఎర్రర్ వస్తోందంటే, ఆ క్వెరీని వర్డ్ ఫైల్ నుంచో ఫోన్‌లోని మెసేజ్ నుంచో కాపీ చేసి ఉంటారు, అవి వంకర కొటేషన్లుగా మారిపోయి ఉంటాయి. చెరిపేసి చేత్తో కొట్టండి.

నల్‌ని = తో పోల్చకండి, ఏమీ దొరకదు, ఈజ్ నల్ అనే రాయాలి. నాట్ ఇన్ వాడి లోపల సబ్‌క్వెరీ పెడితే, అందులో ఒక్క నల్ ఉన్నా ఫలితం సున్నా రోలు. సున్నా వచ్చిన ప్రతిసారీ "డేటా లేదు" అని రాసేసే ముందు ఈ రెండూ చూడండి.

క్వెరీ పెద్దదైతే \ఈ కొట్టండి, ఎడిటర్ తెరుచుకుంటుంది, సేవ్ చేసి బయటికొస్తే నడుస్తుంది. తెరుచుకున్నది విమ్ అయి బయటికి దారి తెలియకపోతే ఎస్కేప్ నొక్కి :క్యూ! కొట్టండి.

6. తేదీల దగ్గర మోసపోకండి

రిపోర్టుల్లో లెక్క తేడా వచ్చిందంటే నేను ముందు చూసేది ఇక్కడే. మార్చి ఆర్డర్లు కావాలని బిట్వీన్ '2025-03-01' అండ్ '2025-03-31' అని రాస్తారు. క్రియేటెడ్_ఎట్ అనేది టైమ్‌స్టాంప్ కాబట్టి రెండో తేదీ అంటే 31వ తేదీ అర్ధరాత్రి సున్నా గంటలు, ఆ రోజు పగలంతా వచ్చిన ఆర్డర్లు గల్లంతు. ఇలా రాయండి:

వేర్ క్రియేటెడ్_ఎట్ >= '2025-03-01' అండ్ క్రియేటెడ్_ఎట్ < '2025-04-01'

అంతటితో అయిపోలేదు. షో టైమ్‌జోన్; కొట్టి చూడండి. చాలా సర్వర్లు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. ఏప్రిల్ 1 తెల్లవారుజామున రెండు గంటలకు గద్వాలలో ఒకాయన ఆర్డర్ పెడితే యూటీసీ లెక్కలో అది మార్చి 31 రాత్రి ఎనిమిదిన్నర, అంటే మార్చి ఖాతాలో పడుతుంది. కాలమ్ టైమ్‌జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ అయితే సెట్ టైమ్‌జోన్ = 'ఏషియా/కోల్‌కతా'; అని ముందే కొడితే సరిపోతుంది. టైమ్‌జోన్ లేని రకమైతే ఈ సెట్టింగ్ దాన్ని ముట్టుకోదు, అది ఏ టైంలో రాశారో అప్లికేషన్ రాసినవాళ్లనే అడగాలి. ఏ రకమో \డీ ఆర్డర్స్‌లో ఉంటుంది.

7. జాయిన్ చేసి, వచ్చింది నిజమేనా చూసుకోవడం

సెలెక్ట్ సీ.నేమ్, ఓ.అమౌంట్ ఫ్రమ్ ఆర్డర్స్ ఓ జాయిన్ కస్టమర్స్ సీ ఆన్ సీ.ఐడీ = ఓ.కస్టమర్_ఐడీ;

రాయడం తేలికే, నమ్మడమే కష్టం. ముందు సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ ఆర్డర్స్; అని లెక్క తీసుకోండి, తర్వాత జాయిన్‌తో కౌంట్ తీయండి. పెరిగితే అవతలి టేబుల్‌లో ఒకే కీకి ఒకటి కన్నా ఎక్కువ రోలున్నాయి, ఇప్పుడు అమౌంట్ కూడితే డబ్బు రెండింతలైపోతుంది. తగ్గితే కొన్ని ఆర్డర్లకు కస్టమర్ దొరకలేదు, వాటిని కూడా చూడాలంటే లెఫ్ట్ జాయిన్.

ఆ తర్వాత ఏదైనా ఒక్క ఆర్డర్ ఐడీ పట్టుకుని, అప్లికేషన్ స్క్రీన్‌లో ఉన్నదీ మీ ఫలితంలో ఉన్నదీ ఒకటేనా చూడండి. ఒక్కటి సరిపోలితే అన్నీ సరే అని కాదు, కానీ ఒక్కటి తేడా వస్తే మాత్రం ఆగాల్సిందే.

క్వెరీ నెమ్మదిగా ఉంటే ముందు ఎక్స్‌ప్లెయిన్ అని చేర్చి ప్లాన్ చూడొచ్చు, ప్రమాదం లేదు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ మాత్రం క్వెరీని నిజంగానే నడుపుతుంది. దాని వెనక డిలీట్ ఉంటే డిలీట్ అయిపోతుంది.

8. తెలుగు డేటా ఉంటే

పేర్లు తెలుగులో ఉన్న టేబుల్ తెరిస్తే కాలమ్ గీతలు వంకర్లు పోతాయి. గుణింతాలు, ఒత్తులు టెర్మినల్‌లో ఎంత వెడల్పు తీసుకుంటాయో లెక్క కుదరదు, డేటాకి ఏమీ కాలేదు. \ఎక్స్ ఆన్ చేసి నిలువుగా చూడండి. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో పెట్టెలో వస్తుంటే \ఎన్‌కోడింగ్ కొట్టండి, యూటీఎఫ్8 అని రావాలి. విండోస్‌లో అయితే పీఎస్‌క్యూఎల్ తెరిచే ముందు సీహెచ్‌సీపీ 65001 కొట్టాలి, ఫాంట్‌లో తెలుగు కూడా ఉండాలి.

వెతుకులాటలో అసలు చిక్కు వేరే. కంటికి రమేష్ అనే కనిపిస్తుంది, = 'రమేష్' అంటే దొరకదు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనపడని అక్షరం ఒకటి చేరుస్తాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని, పదం చివర ఉంటే అస్సలు పట్టుకోలేం. లెంగ్త్(నేమ్) అడగండి: రమేష్‌కి 5 రావాలి, ర, మ, ఏత్వం, ష, పొల్లు. 6 వస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు ఇలా:

వేర్ రీప్లేస్(నేమ్, సీహెచ్‌ఆర్(8204), '') = 'రమేష్'

8204 అనేది ఆ అక్షరం నంబర్. ఇక రమేష్, రమేశ్ తేడాలకు లైక్ 'రమే%' వాడొచ్చు.

9. ఫైల్‌లోకి తీసుకోవడం

\కాపీ (సెలెక్ట్ నేమ్, సిటీ ఫ్రమ్ కస్టమర్స్) టు 'కస్టమర్స్.సీఎస్‌వీ' సీఎస్‌వీ హెడర్

మొత్తం ఒకే లైన్‌లో ఉండాలి, మధ్యలో ఎంటర్ కొడితే ఎర్రర్. ముందు బ్యాక్‌స్లాష్ మర్చిపోతే అది సర్వర్ డిస్క్ మీద రాయబోతుంది, పర్మిషన్ లేదని తిప్పి పంపుతుంది. అయిపోయాక కాపీ 412 లాంటి అంకె వస్తుంది, అది కౌంట్(*)తో సరిపోవాలి. ఫైల్‌లో లైన్లు లెక్కపెట్టి పోల్చకండి, అడ్రస్‌లలో లైన్ బ్రేకులుంటే లెక్క తప్పుతుంది.

ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పిచ్చి గీతల్లా రావచ్చు. డేటా మెనూలో టెక్స్ట్ ఫైల్ నుంచి తెచ్చుకునే ఆప్షన్‌కి వెళ్లి యూటీఎఫ్-8 ఎంచుకోండి.

\ఓ ఫైల్‌పేరు అనే ఇంకో పద్ధతి ఉంది, అప్పట్నుంచి వచ్చే ఫలితాలన్నీ ఆ ఫైల్‌లోకి పోతాయి. పని అయ్యాక ఒట్టి \ఓ కొట్టి ఆపాలి. లేదంటే క్వెరీలు కొడుతుంటారు, స్క్రీన్ మీద ఏమీ రాదు, టెన్షన్.

10. మార్చక తప్పకపోతే

పీఎస్‌క్యూఎల్‌లో మీరు కొట్టిన అప్‌డేట్ ఆ క్షణమే ఖాయమైపోతుంది, అన్‌డూ లేదు. అందుకని:

బిగిన్ రీడ్ రైట్;
అప్‌డేట్ ఆర్డర్స్ సెట్ స్టేటస్ = 'క్యాన్సిల్' వేర్ ఐడీ = 1182;

అప్‌డేట్ 1 అని రావాలి. ఇంకే అంకె వచ్చినా రోల్‌బ్యాక్; కొట్టండి, ఆలోచన తర్వాత. 1 వస్తే అదే రోని సెలెక్ట్ చేసి చూసి, అప్పుడు కమిట్;. వేర్ భాగాన్ని ముందు సెలెక్ట్‌తో నడిపి చూశాకే అప్‌డేట్‌లో పెట్టండి.

ప్రాంప్ట్‌లో నక్షత్రం ఉండగా మాత్రం టీకి లేచి వెళ్లకండి. మీరు మార్చిన రోలు తాళం పడి ఉంటాయి, వాటిని మార్చాలని వచ్చిన అప్లికేషన్ మీ కమిట్ కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది.

బయటికి రావడానికి \క్యూ, లేదా ఖాళీ ప్రాంప్ట్ దగ్గర కంట్రోల్+డీ. వెర్షన్ 11 నుంచి ఎగ్జిట్ అని కొట్టినా వింటుంది. టన్నెల్ వేసి ఉంటే ఆ విండో కూడా మూయండి.

పోస్ట్‌గ్రెస్ కాకపోతే

మైఎస్‌క్యూఎల్ అయితే షో డేటాబేసెస్, యూజ్ షాప్, షో టేబుల్స్, డిస్క్రైబ్ ఆర్డర్స్, ఇదే వరస. క్వెరీ చివర సెమికోలన్ బదులు \జీ అని క్యాపిటల్‌లో పెడితే నిలువుగా చూపిస్తుంది. తెరిచేటప్పుడు --సేఫ్-అప్‌డేట్స్ ఇస్తే కీ కాలమ్ మీద వేర్ గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లను ఒప్పుకోదు. దీనికి --ఐ-యామ్-ఎ-డమ్మీ అని ఇంకో పేరు కూడా నిజంగానే ఉంది.

కొడుతుంటే పేర్లు కిందనే సూచించే టూల్ కావాలంటే పోస్ట్‌గ్రెస్‌కి పీజీసీఎల్‌ఐ, మైఎస్‌క్యూఎల్‌కి మైసీఎల్‌ఐ పెట్టుకోండి, మీ ల్యాప్‌టాప్‌లో హాయిగా ఉంటాయి. ఎస్‌క్యూలైట్ ఫైల్ అయితే ఎస్‌క్యూలైట్3 -రీడ్‌ఓన్లీ తర్వాత ఫైల్ పేరు, లోపల .టేబుల్స్, .స్కీమా, .మోడ్ బాక్స్. ఆ -రీడ్‌ఓన్లీ లేకుండా ఫైల్ పేరు తప్పు కొడితే ఎర్రర్ రాదు, ఖాళీ డేటాబేస్ తెరుచుకుంటుంది. .టేబుల్స్‌కి ఏమీ రాకపోతే ముందు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో, స్పెల్లింగ్ ఏం కొట్టారో చూసుకోండి.